పాలబూత్ దాకా పరుగు

చిత్తూరులో మేము అద్దెకున్న ఇంటికి పాలబూత్ ముప్పావు మైలు దూరం. పెళ్లికి ముందు కాలేజీ పోటీల్లో ఎనిమిది వందల మీటర్లు పరిగెత్తిన నాకు, ఇద్దరు పిల్లలు పుట్టాక మిగిలింది ఆ ముప్పావు మైలే.

నేను బడిలో టీచరును. ఆయన ఆఫీసు తిరుపతిలో. ఆరు గంటల బస్సు అందుకోవాలి. ఐదింటికి వీధి కొళాయిలో నీళ్లొస్తాయి. ఆ వెంటనే ఆయన క్యారియరు, పిల్లల స్నానాలు, నా బడి. అందుకని నాలుగున్నరకే లేచి, కొంగు బొడ్లో దోపుకుని బూత్ దాకా పరిగెత్తేదాన్ని. వచ్చేటప్పుడు సంచిలో పాలసీసాలుంటాయి కాబట్టి నడకే.

ఎదురింటామె చూసి మా అత్తకు చెప్పింది. ఆ సాయంత్రం నేను బియ్యం ఏరుతుంటే అత్త అడిగింది.

"పొద్దన్నే ఈదిలో పరిగెత్తతా ఉండావంట?"

"అవునత్తా."

"ఎవురన్నా తరుముతా ఉండారా?"

"లేదు. పరిగెత్తితే నాకు బాగుంటాది."

ఆమె నా పక్కన కూర్చుని చేటలోంచి నాలుగు రాళ్లు ఏరింది. తరవాత, "కొళాయికాడ బిందెలు నేను పెడతాలే. నిదానంగా రా," అంది.

అలా ఇరవై నిమిషాలు దొరికాయి. నెల రోజులు బూత్ దాటి రైల్వే గేటు దాకా పరిగెత్తాను. ఒకరోజు వచ్చేసరికి అత్త కొళాయి గట్టుమీద చెయ్యి పట్టుకుని కూర్చుని ఉంది. పాచి పట్టిన బండమీద జారి పడిందట. మణికట్టు విరిగింది. నన్ను చూడగానే, "పాలు దొరికినాయా?" అంది.

ఎముకల కట్టుకు పేరున్న పుత్తూరు తీసుకెళ్లి కట్టు కట్టించాం. ఆ రోజు తిరుగు బస్సులో ఆయన మెల్లగా అడిగాడు. "పరిగెత్తకుంటే నీకేం పోతాది?"

కోపంతో అడగలేదు. తెలుసుకుందామనే అడిగాడు.

మర్నాటి నుంచి పరుగు మానేశాను. పాలు ఇంటికే పోయించుకున్నాం. అత్తకు తల దువ్వడం, అన్నం కలిపి పెట్టడం కూడా నా పనుల్లో చేరాయి. బడిలో నిలబడే కునికిపాట్లు పడేదాన్ని. కట్టు విప్పేసరికి రెండు నెలలు దాటింది.

ఆ వారంలోనే, ఆదివారం తెల్లవారుతుండగా అత్త నన్ను లేపింది.

"పొయ్యిరా మే, పరుగుకి."

"ఓపిక లేదత్తా."

"పోయి సూడు. పిల్లోళ్లు ఇంగా లేయలేదు."

వెళ్లాను. సగం దారిలోనే ఊపిరి అందలేదు. కల్వర్టుమీద కూర్చున్నాను. కళ్లు తెరిచేసరికి ఎండొచ్చేసింది. ఆకుకూరలమ్మే ఆమె భుజం పట్టి కుదుపుతోంది.

"ఏమ్మా, ఒళ్లు బాగలేదా?"

"నిద్రపట్టేసింది."

ఆమె గంప దించి పక్కనే కూర్చుంది. "నాకూ వస్తా ఉండాది," అని కాళ్లు చాపుకుంది.

ఆ తరవాత ఆదివారాలు మాత్రమే వెళ్లేదాన్ని. కొన్నిసార్లు రైల్వే గేటు దాకా, కొన్నిసార్లు కల్వర్టు దాకే. ఎంత దూరం పరిగెత్తావని ఇంట్లో ఎవరూ అడగలేదు.