పసుపుదారం కట్టిన బ్లూబెర్రీ పొద

మా చిన్నప్పుడు... మార్చి నెల వచ్చిందంటే సూర్యం అంకుల్ తన పొలంలో ఒక భాగానికి నిప్పు పెట్టించేవారు.

ఆయన నాన్న స్నేహితుడు. మేముండే ఊరు పిస్కాటవే నుంచి కారులో గంటన్నర దక్షిణంగా వెళ్తే, పైన్ చెట్ల మధ్య ఆయనకు కాస్త ఇసుక నేల ఉండేది. నేలంతా మోకాలెత్తు అడవి బ్లూబెర్రీ పొదలు... ఏడాదికొక భాగం చొప్పున, పర్మిట్ తీసుకుని, మనుషుల్ని పెట్టి కాల్పించేవారు.

గట్టు పక్క పొద నాది. నేను మొదటి పండు కోసుకున్న పొద. నాకు ఎనిమిదేళ్లప్పుడు దాని వంతు వచ్చింది... కారు దిగకముందే ఏడుపు మొదలుపెట్టాను.

"అది చచ్చిపోదే అమ్మడూ! వేళ్లు కింద భద్రంగా ఉంటాయి. పైన కాలితేనే కొత్త కొమ్మలొస్తాయి," అన్నారు అంకుల్.

"నో అంకుల్! నా పొదని బర్న్ చెయ్యొద్దు, ప్రామిస్ చెయ్యండి!"

అమ్మ దారానికి పసుపు రాసి, తొమ్మిది ముళ్లు వేసి ఇచ్చింది. వ్రతం నాడు చేతికి కట్టుకునే తోరం లాగా... పొదకు కట్టాను.

"తోరం కట్టాక ఇంకేం చేస్తాం!" అంటూ అంకుల్ దాని చుట్టూ ఆకులు ఊడ్పించి, నేల తడిపించారు. అంతా నల్లగా కాలిపోయినా నా పొద ఒక్కటే నిలిచింది. ఎంత గర్వమో!

ఆపైన వెళ్లినప్పుడల్లా అమ్మ, "పాపం, ఈ ఇసుకలో ఏం తిని బతుకుతుంది?" అంటూ కరివేపాకు కుండీకి వేసే పశువుల ఎరువు దాని మొదలు దగ్గర వేసేది.

మరుసటి ఏడు వేసవిలో చూస్తే... కాలిన చోట ఎర్రటి లేత కొమ్మలు పండ్ల బరువుకు వంగిపోయాయి. నా పొద బూడిదరంగు పుల్లలతో, నడుమెత్తు గడ్డిలో మునిగిపోయింది. వెతికితే గుప్పెడు పండ్లు కూడా లేవు.

"నీ ఎరువంతా గడ్డి తినేసింది చెల్లెమ్మా! వీటికి బీద నేలే ఇష్టం."

"ముందే చెప్పొచ్చుగా అన్నయ్యగారూ!"

"తల్లీకూతుళ్లు చెప్తే వింటారా?"

ఆ తర్వాత వచ్చిన మార్చిలో దారం నేనే విప్పాను. ముళ్లు బిగిసిపోయి చాలాసేపు పట్టింది. "ఇప్పుడు కాల్చండి అంకుల్," అన్నాను, కళ్లు మూసుకుని. ఆ మరుసటి ఏడు వేసవిలో నా పొద నుంచి గిన్నెడు పండ్లు కోశాను...

ఇప్పుడక్కడ చుట్టూ ఇళ్లొచ్చాయి. పొగ వద్దన్నారని అంకుల్ నిప్పు పెట్టించడం మానేశారు. మొన్న కాలేజీ సెలవుల్లో వెళ్తే పొలమంతా పైన్ మొలకలు, గడ్డి... పొదలన్నీ ఆనాటి నా పొదలాగే ఉన్నాయి. ఒకప్పుడు వద్దని ఏడ్చిన ఆ నల్లటి నేల మీదే ఇప్పుడు బెంగగా ఉంది.

ప్రేమ ఎక్కువై మీరు పాడుచేసిన మొక్క ఏదైనా ఉందా? చెప్పండి... నాకు తోడుగా ఉంటుంది.