రెండు నిమిషాల్లో వస్తూనే ఉన్న బస్సు

మా మేడ మీది వాటాలో ఉండే అమ్మాయికి జీతం వచ్చే ఉద్యోగం వేరే ఉంది. సాయంత్రాలు చేసేది మాత్రం నలుగురి పని. ఎవరైనా ఉచితంగా వాడుకునేలా, బాగుచేసుకునేలా తెరిచిపెట్టిన సాఫ్ట్‌వేర్లు ఉంటాయట. వాటిలో చాలావాటికి లోపల ఒకటే పాత కోడు ముక్క, క్యాషింగ్ లైబ్రరీ అంటారట. మాటిమాటికీ అడిగే జవాబుల్ని కాసేపు చేతికందేలా ఉంచుతుందది, ఉప్పు డబ్బాను అటకెక్కించకుండా పొయ్యి పక్కనే పెట్టుకున్నట్టు. దాన్ని రాసినాయన ఏనాడో వదిలేశాడు, చిల్లు పడితే పూడ్చేవాడు లేడు. ఈ పిల్ల ఒక్కో యజమానినీ బతిమాలి, పాతది పీకి కొత్తది అమరుస్తోంది.

"నీకెందుకే ఈ గోల?" అంటే, "చిల్లు కనబడ్డాక ఊరుకోలేను పిన్నీ" అంటుంది.

బస్సు వేళలు చూపే సాఫ్ట్‌వేర్ యజమాని ఒక మొండాయన. ఆయన ఒప్పుకుంటేనే మేమూ అని మిగతావాళ్లు కూర్చున్నారు. చివరికి మార్చుకోమని తాళాలు చేతికిచ్చాడు గానీ, "ఒక్క బస్సు తేడా వచ్చినా నీ కొత్తదీ వద్దు, నువ్వూ వద్దు" అన్నాడు.

మర్నాడు నేను స్టాపులో నిలబడ్డాను. బస్సు నా కళ్లముందే వెళ్లిపోయింది. ఫోను మాత్రం ఇంకా రెండు నిమిషాల్లో వస్తుందంటోంది! ఆయాసపడుతూ మేడెక్కాను.

"ఏమే, నీ బస్సుకు కాళ్లు విరిగాయా? పొద్దుటి నుంచీ వస్తూనే ఉంది!"

కంప్యూటర్ తెరిచి చూసి నుదురు కొట్టుకుంది. పాత లైబ్రరీ కాలాన్ని సెకనులో వెయ్యోవంతుల్లో కొలుస్తుందట, కొత్తది సెకన్లలో. ముప్పై వేలు అన్న పాత అంకెను ఈమె ముప్పైగా మార్చడం మరిచింది. అర నిమిషం ఉంచాల్సిన జవాబు పూటంతా నిలవుండిపోయింది.

"గుట్టుగా దిద్దెయ్. ఆయనకేం తెలుస్తుంది?"

"ఇంకెక్కడైనా ఇదే తప్పు చేసుంటే? వాళ్లకు తెలియొద్దా పిన్నీ?"

పాతదాన్ని తిరిగి పెట్టి, ఇంకేదో టకటకా రాసి, నా ముందే ఆయనకు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టింది. "సార్, మీ బస్సుల వేళలు నా వల్లే తప్పాయి. పాతదే తిరిగి పెట్టేశాను."

"చెప్పానా లేదా? ముసలిదైనా టైముకు పలికేది, నాలాగే!"

"నిజమే సార్. కొలత తప్పితే ముందే అరిచే పరీక్ష ఒకటి రాశాను. అది ఉంచుకోండి. ఇక మిమ్మల్ని అడగను."

ఆమె ఫోను పెట్టెయ్యబోతుంటే ఆయన ఆగమన్నాడు. నేను చీర కొంగు నలుపుతూ నిలబడ్డాను.

"ఆ అరిచేదాన్ని పెట్టి, కొత్తది మళ్లీ అమర్చు. తప్పు చేసి తనే ఫోన్ చేసినవాళ్లను నేనింతవరకూ చూడలేదు. మిగతావాళ్లకు నేను చెప్తాలే."

ఆమె నవ్వలేదు. అంతకుముందు మార్చినవన్నీ ఒక్కొక్కటే తెరిచి వెతకడం మొదలుపెట్టింది.

నేను మళ్లీ స్టాపుకు వెళ్లాను. రెండు నిమిషాలంది ఫోను. నమ్మకుండా రోడ్డు చివరికే చూస్తూ నిలబడ్డాను. చెప్పిన వేళకే బస్సు మలుపు తిరిగి వచ్చింది.