మీసాల మిరపకాయ

డిగ్రీ రెండో ఏడులో మాకు డిజిటల్ స్టోరీటెల్లింగ్ అని ఒక పేపరు ఉండేది. కాలేజీ హనుమకొండలో. నెక్కొండ పక్కన ఉన్న మా ఊరి నుంచి రోజూ రైల్లో వచ్చి పోయేదాన్ని. సార్ ఇచ్చిన ప్రాజెక్టు వినడానికి పిల్లలాటలాగే ఉంది. ఇంట్లో దొరికే వస్తువులతో ఒక నిమిషం వీడియో చేయాలి. మనుషులు కనబడకూడదు, వస్తువులే నడవాలి, వస్తువులే మాట్లాడాలి. "సరదాగ తియ్యుండ్రి, ఏడుపు కథలు నాకొద్దు" అన్నాడు. క్లాసులో ఒకమ్మాయి చెప్పులకు పెళ్లి చేసింది. ఇంకొకడు బిస్కెట్లతో కబడ్డీ ఆడించాడు.

నేను మిరపకాయలతో మా నాయినను తన్నించాలనుకున్నాను.

ఇందులో దాచేదేమీ లేదు, మా నాయిన అమ్మను కొట్టేవాడు. తాగి కాదు, తాగితే నిద్రపోయేవాడు. మామూలుగా, పూర్తి తెలివితో, కూరలో ఉప్పు తక్కువైందనో, బర్రె దూడ పాలన్నీ తాగేసిందనో కొట్టేవాడు. ముందు భుజం మీది తువ్వాల తీసి మోకాలి మీద ఫట్‌మని ఒకటి కొట్టుకునేవాడు. "ఏందే, నోరు లేస్తాందా?" అనేవాడు. అమ్మ నోరు తెరిచి ఉండేది కూడా కాదు. ఒకసారి గాజులు పగిలి ఆమె మణికట్టులో దిగితే ముక్కలు నేనే పిన్నీసుతో తీశాను. "మెల్లగ తియ్యి బిడ్డా" అంది తప్ప ఇంకో మాట అనలేదు. నాకు అమ్మ మీద కూడా ఒళ్లు మండింది. ఆ కోపం నాకు నాయిన దగ్గర్నుంచి వచ్చిందే, ఇంకెక్కడి నుంచి వస్తుంది.

అప్పుడు కల్లంలో మిర్చి ఎండుతోంది. అమ్మ రోజంతా కూర్చుని తాలు ఏరేది. ఎండకు రంగు పోయి తెల్లబడిన కాయను తాలు అంటారు, దాన్ని మంచి కాయలో ఉండనివ్వరు. నా సినిమాలో అమ్మ పాత్ర ఒక తాలు కాయ. నాయినకు కుప్పలోకెల్లా పొడుగు కాయ ఏరి, నల్ల మార్కరుతో మీసాలు గీసి, కళ్ళు పెట్టి, తువ్వాల పీలిక ఒకటి గమ్‌తో మెడకు అంటించాను. చుట్టూ నిలబడి చూసే ఊరి జనం ఇంకో ఇరవై కాయలు. వెలుతురులో మెరవాలని మీసాలాయనతో పాటు వాటన్నిటికీ ఎర్ర నెయిల్ పాలిష్ పూశాను. స్టూలు తిరగేసి దాని కాళ్ళకు ఫోన్ కట్టాను. కాయను గోరంత జరపాలి, ఒక ఫోటో తీయాలి, మళ్ళీ జరపాలి. మా చెల్లె గొంతు అరువిచ్చింది. "ఏందే, నోరు లేస్తాందా?" అని అది ఎంత బాగా అన్నదంటే, ఇద్దరం ఉలిక్కిపడి వెనక్కి చూశాం.

మీసాల కాయ కొట్టినప్పుడల్లా తాలు కాయ ఎగిరి పడాలి, గింజలు చిందాలి. ఆ ఒక్క షాట్ కోసం నాలుగు తాలు కాయల పొట్టలు చీల్చాను. చేతులు భగభగ మండాయి, అయినా ఆపబుద్ధి కాలేదు. చూసేవాళ్ళకు నవ్వొచ్చేలా తీశాను, నాకు మాత్రం పళ్ళు పటపట కొరకాలనిపించేది. చివరి షాట్ ఒక్కటే మిగిలింది. తాలు కాయలన్నీ కలిసి మీసాల కాయను రోట్లోకి తోస్తాయి, పైనుంచి రోకలి పడుతుంది. ఆ రోకలి కోసమే మిగతా సినిమా అంతా.

కాయలన్నీ చాటలో పెట్టి కాలేజీకి పోయాను. సాయంత్రం వచ్చి చూస్తే చాట ఖాళీ. బస్తాలు నింపి మూతులు కుట్టేశారు.

"ఎర్రగ మెరుస్తానయ్ గదా, మంచి కాయలనే కలిపిన" అంది అమ్మ.

"మీసాలు అవుపడలేదా అమ్మా?"

"కన్ను తెరుసుకుంటలేదు బిడ్డా."

అప్పుడు చూశాను. ఎడమ కన్ను వాచి మూసుకుపోయి ఉంది. నేను రైలుకు పోయాక కొట్టినట్టున్నాడు. కుడి కన్నుతోనే రోజంతా తాలు ఏరింది. కింద పడ్డ ఒక్క కాయను కూడా వదలని మనిషి, ఇరవై ఒక్క మెరిసే కాయలను ఎలా వదులుతుంది. పైగా అవి మేలు రకమనుకుని బస్తాల మూతుల దగ్గర, పైపైన పరిచింది. ఆ కాయలకు రంగుందని నేను ఎవరికీ చెప్పలేదు. చెబితే ఆ రెండో కన్ను కూడా పోతుందనుకున్నాను.

మర్నాడు బస్తాల దగ్గర కాపలాకు మనిషి కావాలని నాయిన నన్ను ఎనుమాముల మార్కెట్ యార్డుకు తీసుకుపోయాడు. యార్డంతా మిర్చి ఘాటు, తుమ్ములు. మా వరుస దగ్గరికి ఒక సేటు వచ్చాడు, వెనకాల ఇద్దరు మనుషులు. సేటు బస్తా మూతి విప్పించి, చెయ్యి పెట్టి గుప్పెడు తీశాడు. ఒక కాయ దగ్గర ఆగాడు. వాసన చూశాడు, గోటితో గీకాడు. ఎర్రటి పొర ఊడి గోట్లోకి వచ్చింది.

"రంగు కొట్టిండ్రు" అన్నాడు, అందరికీ వినబడేలా. "ఈ లాటు ముట్టకుండ్రి."

పక్క వ్యాపారులు నిజంగానే వెనక్కి జరిగారు. ఏడాది పంట, నలభై బస్తాలు. ఆ మాట ఒక్కసారి యార్డులో తిరిగితే మా కాయను ఎవరూ తాకరు. నాయిన ముఖం నల్లబడింది. తువ్వాల తీశాడు. మోకాలి మీద ఫట్‌మంది. తర్వాత ఏం జరుగుతుందో అక్కడున్న వాళ్ళలో నాకొక్కదానికే తెలుసు.

సేటును కాదు, ఆయన పక్కన నిలబడి నవ్విన మనిషిని కొట్టాడు. చెంప మీద పడ్డ దెబ్బకు అతను బస్తా మీద కూలబడ్డాడు. రెండోవాడు నాయిన మూతి మీద గుద్దాడు. పెదవి చిట్లింది, పళ్ళన్నీ ఎర్రబడ్డాయి. ఇద్దరూ కలిసి పడేసి తన్నారు. డొక్కలో తన్నినప్పుడు నాయిన నోట్లోంచి వచ్చిన మూలుగు అచ్చం అమ్మ మూలుగులాగే ఉంది. నిజం చెప్పాలంటే, ఆ రెండు తన్నుల వరకు నేను కదల్లేదు. తన్నండి అనే అనుకున్నాను. ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది, అబద్ధమాడను.

అప్పుడు నాయిన చేతికి కొక్కెం దొరికింది. హమాలీలు బస్తాలు లాగే ఇనుప కొక్కెం, మొన సూదిగా ఉంటుంది. లేచి, తన్నినవాళ్ళలో ఒకడి గల్లా పట్టి గోడకు అదిమి, కొక్కెం ఎత్తాడు. వాడి మెడ మీద నరం కొట్టుకోవడం నాకు కనబడింది. ఆ చెయ్యి దిగితే వాడు చస్తాడు, మా నాయిన జైల్లో పడతాడు.

నేను పోయి ఆ చేతికి వేలాడాను. "నేనేసిన నాయినా. ఆ రంగు నేనేసిన. కాలేజీ వీడియో కోసం" అన్నాను.

"ఏం వీడియో?" అన్నాడు సేటు. "దొంగ మాటలు చెప్తానవా? చూపియ్."

ఫోన్ జేబులోనే ఉంది. అందులో ఏముందో నాకు తెలుసు. చూపిస్తే పంట గండం నుంచి బయటపడుతుంది, మా ఇంటి గుట్టూ బయటపడుతుంది. చూపించాను.

సేటు, హమాలీలు, పక్క వరుస రైతులు ఫోన్ చుట్టూ మూగారు. నాయిన కొక్కెం దించి, వాళ్ళ భుజాల మీదుగా చూశాడు. మీసాల కాయ ఠీవిగా నడిచొచ్చింది. తువ్వాల తీసింది. "ఏందే, నోరు లేస్తాందా?" అంది మా చెల్లె గొంతు. తాలు కాయ ఎగిరి పడింది, గింజలు చిందాయి. జనం విరగబడి నవ్వారు. ఇంకోసారి పెట్టమన్నారు, పెట్టాను. రెండోసారి ఇంకా ఎక్కువ నవ్వారు.

"గీ మీసాలోడు ఎవడు బిడ్డా?" అన్నాడు సేటు కళ్ళు తుడుచుకుంటూ.

"ఎవరు లేరు సేటు. ఉత్తగనే" అన్నాను.

నాయిన చిట్లిన పెదవి దగ్గర తువ్వాల అదిమి పట్టుకుని ఉన్నాడు. ఆ తువ్వాలకు ఒక మూల పీలిక కత్తిరించి ఉంది. దాన్ని ఇంతకుముందు చూడనట్టు అప్పుడు చూశాడు.

బస్తాల మూతులన్నీ విప్పించి కాయలు ఏరించారు. తన మనుషులిద్దరినీ సేటే చాయ్ తాగించి సముదాయించాడు. మీసాల కాయ దొరికాక సేటు దాన్ని నాయిన అరచేతిలో పెట్టి, "ఇగో, నీ బిడ్డ సినిమా హీరో" అన్నాడు. మా లాటు మధ్యాహ్నం వేలం పాటలో అమ్ముడుపోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ట్రాలీ ఆటోలో ఖాళీ సంచుల మీద ఎదురెదురుగా కూర్చున్నాం. ఊరి మలుపు దగ్గర నాయిన నా వైపు వంగాడు.

"ఆఖరుకు ఆ మీసాలోడేమైతడు?" అన్నాడు.

అబద్ధం చెప్పొచ్చు. చెప్పాలనిపించలేదు. "రోట్లేసి దంచుతరు" అన్నాను.

"ఎవరు?"

"తాలు కాయలు. అన్ని కలిసి."

జేబులోంచి కాయ తీసి నా చేతిలో పెట్టాడు. "తియ్యి మరి" అన్నాడు.

తీశాను. ఒక్క దెబ్బ చాలు షాటుకు. నేను పొడి అయ్యేదాకా దంచాను. నాయిన గడప మీద కూర్చుని చూశాడు, ఘాటుకు దగ్గాడు, లేచిపోలేదు. క్లాసులో కూడా అందరూ నవ్వారు. సార్ ఇంత సరదా ప్రాజెక్టు ఈ ఏడు రాలేదన్నాడు.

ఆ తర్వాత మా నాయిన మారిపోయాడని రాస్తే చదవడానికి బాగుంటుంది. ఆ ఎండాకాలమే ఒక మధ్యాహ్నం, కంచం ముందు కూర్చుని కూర నోట్లో పెట్టుకున్నాడు. తువ్వాల మోకాలి మీద ఫట్‌మంది. "ఏందే" అన్నాడు. మిగతా మాట రాలేదు. చెయ్యి మాత్రం లేచే ఉంది. కళ్ళు గది అంతా తిరుగుతున్నాయి, నా ఫోన్ ఎక్కడుందోనని. అది గోడ దగ్గర ఛార్జింగ్‌లో ఉంది.

నేను లేచి, వైరు పీకి, ఫోన్ చేతిలో పట్టుకుని వచ్చి అమ్మ పక్కన కూర్చున్నాను.