పాత ల్యాప్‌టాప్‌కు నేను చేసిన మెమరీ కార్డు

కిందటి నెల మా తెల్లాపూర్ అపార్ట్‌మెంట్ గేటు దగ్గర కొరియర్ అతను ఇచ్చిన పొట్లం విప్పి, వేలెడు పొడవున్న ఆకుపచ్చ సర్క్యూట్ బోర్డును దీపం కింద పెట్టి చూసుకుంటున్నప్పుడు, ఇదైనా పనిచేస్తుందా, ఇదీ వెనకటివాటిలాగే ఏడిపిస్తుందా అని నాకు ఉత్సాహం కంటే విసుగే ఎక్కువ కలిగింది. ఆ విసుగు వెంటే, గచ్చిబౌలిలో అద్దాల మేడలకంటే రాళ్లగుట్టలే ఎక్కువగా ఉన్న రోజుల్లో నేను చేరిన మొదటి ఉద్యోగం గుర్తుకొచ్చింది.

ఎలక్ట్రానిక్స్ డిప్లొమా చేసి, పెళ్లయ్యాక భీమవరం నుంచి ఈ ఊరొచ్చిన నాకు కంప్యూటర్లు బాగుచేసే కంపెనీలో పని దొరికింది. అప్పటి ల్యాప్‌టాప్ అంటే మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఇటుకంత మందం, ఒళ్లో పెట్టుకుంటే కాసేపటికి తొడలు మొద్దుబారేవి. అడుగున చిన్న మూత, దాని మరలు విప్పితే లోపల మెమరీ కార్డు. ఒక్కో కంపెనీది ఒక్కో ఆకారం, ఒకదానిది ఇంకోదానికి పట్టదు. వాటిని విప్పే బల్ల దగ్గర మగవాళ్లే కూర్చునేవారు. ఆ విభాగానికి పెద్దగా ఉన్నాయన హైదరాబాదులో పుట్టి పెరిగినవాడు, అందరం అన్న అనేవాళ్లం. మనిషి మంచివాడే గానీ, నేను ఆ బల్ల దరిదాపులకు వెళ్తే చాలు, నవ్వుతూనే కస్టమర్ల ఫోన్లు ఎత్తే బల్లకు తిప్పి పంపేవాడు.

"ఫోన్లు జూస్కో చెల్లె, గీ పని మెల్లగ నేర్చుకుందువుగని."

ఒకసారి ఒక కాంట్రాక్టరు గారి ల్యాప్‌టాప్ మెమరీ కార్డు కాలిపోయి వచ్చింది. ఆ కార్డుల తయారీ ఆపేశారని, ఇక దాన్ని పారెయ్యడమేనని మేనేజరు తేల్చేశాడు. కార్డు మీది గీతలు చూసి అలాంటి బోర్డు మనమే చేయించి, దాని మీద వేరే చిప్పులు అతికిస్తే సరిపోతుందని నేనన్నాను. మేనేజరు వినిపించుకోలేదు, అన్న తల దించుకుని మరలు ఏరుకుంటూ ఉండిపోయాడు. ఆ వారంలోనే నన్ను పూర్తిగా ఫోన్లకే వేశారు. కాంట్రాక్టరు గారు కొత్తది కొనుక్కున్నారు, ఆయన వద్దని వదిలేసినదాన్ని, కాలిన కార్డుతో సహా, నేను అడిగి ఇంటికి తెచ్చుకున్నాను. తర్వాత కంపెనీలు మారాను గానీ, అనుభవమంతా ఫోన్లదే అని ఎక్కడికి వెళ్లినా ఫోన్ల దగ్గరే కూర్చోబెట్టారు. అక్కడే రిటైరయ్యాను.

ఇప్పుడు తీరిక దొరికి ఆ కార్డు చెయ్యబోతే, అప్పుడు సులువుగా దొరికినవేవీ ఇప్పుడు దొరకవు. కొత్తవని అమ్మిన చిప్పులు పాతవాటి మీద పేరు గీకేసి మళ్లీ అచ్చువేసినవని, డబ్బా విప్పి అతికించాక గాని తెలియలేదు. సరిపడే కనెక్టర్ ఎక్కడా దొరక్క, కాలిన కార్డుదే ఊడదీసి వాడుకోవలసి వచ్చింది. ఇన్ని చేసి స్విచ్చి వేస్తే, తెర మీద మెమరీ అంకెలు పెరుగుతూ పెరుగుతూ సరిగ్గా సగంలో ఆగిపోయేవి. మా వారు భోజనాల బల్ల మీద కాస్త చోటు కోసం ఎదురుచూసి చూసి, చివరికి అననే అన్నారు.

"ఎందుకోయ్ ఈ తిప్పలు, కొత్తది కొనుక్కుంటే పోయేదానికి?"

కొత్త బోర్డు కూడా సగంలోనే ఆగిన రోజున, పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కావాలనిపించి, గోపన్‌పల్లిలో కూతురి దగ్గర ఉంటున్న అన్నకు ఫోన్ చేశాను. డెబ్బై దాటిన మనిషి, బైక్ ట్యాక్సీ వెనక కూర్చుని హెల్మెట్‌తోనే లిఫ్టు దిగాడు. ఆయన భూతద్దం పట్టుకుంటే, నేను కాలిన కార్డు మీది చిప్పులను ఒక్కొక్కటీ వేడిచేసి లేపాను. ఒకదాని కింద సన్నటి గీత కనిపించింది. పైనుంచి చూసి గీసుకున్నప్పుడు నా కంటపడనిది అదే. నా బోర్డు మీద ఆ చోట వెంట్రుకంత తీగ అతికించి స్విచ్చి వేశాం. అంకెలు సగం దాటి చివరిదాకా వెళ్లాయి.

అన్న తెర వైపే చూస్తూ అన్నాడు. "అప్పుడే నీ చేతికిచ్చుంటే అయిపోతుండె గద చెల్లె. నేనన్నా నీ తరఫున ఒక మాట అనకపోతి."

ఆ మాట కోసం అన్నేళ్లు ఎదురుచూశానని అది విన్నాకే తెలిసింది. సంతోషం వస్తుందనుకున్నాను, కోపం వచ్చింది. లేచి వెళ్లి టీ పెట్టాను. టీ తాగి, జర పైలం అని చెప్పి ఆయన వెళ్లిపోయాడు.

రోజూ పొద్దున్నే మెడలో కార్డులు వేసుకుని ఆఫీసు బస్సులు ఎక్కే ఆడపిల్లలను మా బాల్కనీలోంచి చూస్తుంటాను. వాళ్లను ఏ బల్ల దగ్గరనుంచీ ఎవరూ తిప్పి పంపరని నమ్మాలని ఉంటుంది. కాని వాళ్ల భుజాన వేలాడే పల్చటి ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి మెమరీని బోర్డుకే అతికించేస్తున్నారట, పాడైతే బోర్డంతా మార్చడమేనట. విప్పి చూడాలనే కోరిక వాళ్లలో ఏ ఒక్కరికైనా కలిగితే, పాపం, చెయ్యి ఎక్కడ పెట్టాలో నాకైతే తోచడం లేదు.