ఇంగువ దేశం, పెబ్బేరు తువ్వాల

మొన్న వనపర్తిలో ఇంగువ కోసం కిరాణా కొట్టుకెళ్లి, అలవాటు ప్రకారం ధర వినగానే బిత్తరపోయినట్టు మొహం పెట్టాను. కొట్టాయన నా నటనకు ఏమాత్రం చలించలేదు. "ఆడ సరిహద్దు మూసిండ్రంట అక్కా, మాల్ వస్తలేదు. కొంటే కొను, లేకుంటే ఎల్లిపాయ పోపేసుకో" అన్నాడు. బేరంలో నన్నింత సులువుగా ఓడించినవాళ్లు తక్కువ. నోరు మూసుకుని చిన్న డబ్బా తీసుకున్నాను. అఫ్గానిస్తాన్‌లో ఎవరో గేటుకు గొళ్లెం పెడితే ఇక్కడ నా పప్పుచారు వాసన తగ్గడం నాకు కొత్త కాదు. ఆ దేశాన్ని నేను బళ్లో చదువుకోలేదు. గద్వాలలో మా మేనమామ దుకాణంలో, ఇంగువ డబ్బా పక్కన కూర్చుని నేర్చుకున్నాను.

మామ హైదరాబాదు దాటి ఎరగడు. అయినా ఆ దేశం గురించి పక్కనున్న మానవపాడు గురించి చెప్పినంత ధీమాగా చెప్పేవాడు. దానికి సముద్రం లేదు కాబట్టి బస్తా బయటికి రావాలంటే పక్కింటివాళ్ల వాకిట్లోంచే రావాలి. వాళ్లతో పోట్లాడిన ఏడాది సరుకు ఆగిపోతుంది. కొండల మీద మంచు, మంచు కరిగితే కాలువ, కాలువ పక్కన ద్రాక్ష, అంజూరం. నీళ్లు అందని ఎండు గుట్టల మీద ఇంగువ. దాని వేరుగడ్డ ముదరడానికి ఏళ్లు పడుతుంది, ముదిరాక కోత పెడితే పాలు కారి గట్టిపడతాయి, వాటిని గీకి తెస్తారు. రాజు పోయాడన్నా, రష్యావాళ్లు వచ్చారన్నా, అమెరికావాళ్లు దిగారన్నా మామకు ముందు తెలిసేది ముక్కుతోనే. అక్కడ యుద్ధం ముదిరితే ఇక్కడ డబ్బాలో ఇంగువ తగ్గి పిండి పెరిగేది. "నాలుగు తొవ్వలు గలిసేకాడ దుకాణం వెట్టుకుండ్రు, పాపం. గిరాకీ ఆడనే, లొల్లి ఆడనే" అని ఆ దేశ చరిత్రంతా ఒక్క ముక్కలో తేల్చేవాడు.

అక్కడి ప్రభుత్వం కూలిపోయి పాతవాళ్లు మళ్లీ గద్దెనెక్కిన వానాకాలంలో, హైదరాబాదులో చదువుకుంటున్న మా మేనల్లుడు ఆ దేశపు స్నేహితుణ్ణి మామ ఇంటికి తీసుకొచ్చాడు. అతణ్ణి హాస్టల్లో ఒంటరిగా వదలడానికి భయమేసిందట. నేనూ అప్పుడు అక్కడే ఉన్నాను. ఆ కుర్రాడు పొడుగ్గా, సన్నగా ఉన్నాడు, ఫోను చేతిలోంచి దిగదు. తండ్రి గొర్రెల వ్యాపారి. తల్లి, తండ్రి, చెల్లెలు ఎక్కడున్నారో తెలియదు, ఫోను కలవడం లేదు. మర్నాడే ఢిల్లీ పోయి, అక్కణ్ణుంచి ఏదో దారిన ఇంటికి చేరతానన్నాడు. దారులన్నీ మూసుకుపోయాయని మేనల్లుడు చెబుతున్నా వినలేదు. పోతే ప్రాణాలతో ఉంటాడన్న నమ్మకం మాలో ఎవరికీ లేదు.

ఊరట కలిగిద్దామని మామ ఇంగువ డబ్బా తెచ్చి మూత తీశాడు. అతను ఒక్క అడుగు వెనక్కేశాడు. మేం దీన్ని తినం చాచా, గీకి బయటికి పంపేస్తాం, అన్నాడు ఉర్దూలో. ఆ దేశంవాళ్లు మూడు పూటలా ఇంగువ తింటారు కాబట్టే అంత దిట్టంగా ఉంటారని మామ చెప్పని గిరాకీదారు గద్వాలలో లేడు. "గిన్నేండ్లు జెప్పిందంత ఉత్తదేనా?" అంది అత్తమ్మ. మామ డబ్బా మూత బిగిస్తూ, "పండిచ్చెటోడే తినాల్నా ఏంది? మన మగ్గం నేసెటామె రోజు గద్వాల చీర గడుతదా?" అన్నాడు.

మర్నాడు అతను సంచి సర్దుకున్నాడు. మామ వారించలేదు. పెబ్బేరులో బస్సెక్కిస్తాను, పద అన్నాడు. ఆ రోజు పెబ్బేరులో పశువుల సంత. తాడు కొనాలన్న సాకుతో నేనూ కారెక్కాను. బేరాలు జరిగేచోటికి నన్ను పిలవనక్కర్లేదు. కృష్ణ దాటి సంతకు చేరేసరికి దళారులు పనిలో ఉన్నారు. ఇద్దరి చేతుల మీద తువ్వాల కప్పి, కింద వేళ్లు నొక్కి ధర చెప్పుకుంటారు. పక్కనున్నవాడికి తెలియదు, ఖరారయ్యాక బయట చెప్పడం మర్యాద కాదు. మాతో వచ్చిన కుర్రాడు అక్కడే నిలబడిపోయాడు. వాళ్ల గొర్రెల సంతలో నాన్న కూడా శాలువా కింద ఇలాగే చేస్తాడని చెప్పాడు. వచ్చిన తర్వాత అతని మొహం తేటపడటం అదే మొదలు.

కొనవచ్చినవాడి చెయ్యి సరుకును తాకిన క్షణాన్ని మామ ఎన్నడూ వదులుకోలేదు. భుజం మీది తువ్వాల తీసి తన చేతి మీద కప్పుకుని ముందుకు చాచాడు. ఏం సరుకని అడిగాడు అతను. నీ ప్రయాణమే, ఎన్నాళ్లు ఆగుతావో వేళ్లతో చెప్పు, అన్నాడు మామ తన ముతక ఉర్దూలో.

అతను చాలాసేపు బస్సుల వైపు చూశాడు. తర్వాత తువ్వాల కింద చెయ్యి పెట్టాడు.

మామ తల అడ్డంగా ఊపాడు. అతను చెయ్యి లాక్కోబోయాడు, మామ వదల్లేదు. ఒక దళారి వచ్చి తొంగి చూశాడు. "ఏం బేరం పెద్దాయనా? గొర్రె కనవడ్తలేదు."

"ఇది గొర్రె బేరం గాదు. జర జరుగు."

జీవితమంతా బేరాలాడిన నేను ఆ తువ్వాల కదలికను బట్టి అంకె పట్టలేకపోయాను. చివరికి చేతులు ఆగాయి. అతను సంచి నాకందించాడు. తాడు కొనడం నేను మరిచేపోయాను.

ఆ తర్వాత అతను మామ దుకాణంలో కూర్చుని పప్పులు తూచాడు. తూకం కాస్త కొనేవాళ్ల వైపు మొగ్గిస్తాడని మామ సణుగుతూనే ఉన్నాడు. ఒక మధ్యాహ్నం ఫోను మోగింది. తండ్రి. అందరూ ఊరొదిలి, అతని తల్లి పుట్టింటి పల్లెకు చేరారట. చెల్లెలి బడి మూసేశారట. రావొద్దు, అన్నాడట. అతను ఫోను పెట్టేసి, అప్పటికి నేర్చిన తెలుగులో అత్తమ్మతో "నాయన ఉన్నడు" అన్నాడు.

అతని చదువు పూర్తయింది. హైదరాబాదులోనే చిన్న పని చేసుకుంటున్నాడు, ఉండనిచ్చే కాగితాల కోసం ఆఫీసుల చుట్టూ తిరుగుతుంటాడు. చెల్లెలు ఇంట్లోనే ఉంది. ఎంతకు ఖరారైందని ఎన్నిసార్లడిగినా, "సంత బేరం బయట చెప్తరా ఆపా?" అని నన్ను ఉర్దూలో అక్కను చేసి నవ్వుతాడు.

మొన్న ఇంగువతో ఇంటికొచ్చి మామకు ఫోన్ చేశాను. ధర చెబితే, నువ్వేం బేరమాడావని ఎగతాళి చేశాడు. మాటల్లో మాటగా, ఆ రోజు పెట్టిన గడువు అయిపోయిందా అని అడిగాను.

"యాడయితది? ఇంకా నడుస్తనే ఉన్నది" అన్నాడు.

బేరమంటే తగ్గించడమేనని నేను ఆడి పెరిగిన మామ దుకాణం నాకు నేర్పింది. కాలాన్ని మాత్రం బేరమాడి పెంచుకోవాలని ఆ దుకాణం యజమానికి ఎవరు నేర్పారో తెలియదు.