వ్యాన్‌లో పచ్చిపులుసు

యాభై రెండేళ్ల వయసులో పటాన్‌చెరు దగ్గర మా చిట్కుల్‌లో సాయంత్రం బడికి వెళ్లి నేను అక్షరాలు నేర్చుకున్నాను. నాతో చేరిన మా యారాలు సుగుణ నాలుగు రోజులకే మానేసింది.

పోయిన వేసవిలో ఆమె జర్మనీలో ఉన్న కూతురి దగ్గరికి వెళ్లింది. అల్లుడు పడకలూ పొయ్యీ ఉన్న వ్యాన్ కిరాయికి తీసుకుని తల్లీకూతుళ్లను ఆస్ట్రియా, ఇటలీ, స్విట్జర్లాండ్ తిప్పాడు. రోజూ మా ఇంటివాళ్ల వాట్సాప్ గ్రూపులో ఫోటోలే. ఒకరోజు మందుల కంపెనీలో సీసాలకు లేబుళ్లు అంటించి, డ్యూటీ దిగి వచ్చేసరికి కొత్త ఫోటో. మంచు కొండ ముందు వ్యాన్ ఆపుకుని సుగుణ పచ్చిపులుసుకు చింతపండు పిసుకుతోంది. నాకు అన్నం సహించలేదు.

ఆ కడుపుమంటతోనే మా చెల్లెలికి కూడబలుక్కుంటూ రాశాను: "బండ్లనే వండుకొని బండ్లనే పండుకునుడు గొప్పనా? మన పటాన్‌చెరు లారీ డ్రైవర్లు రోజు చేస్తలేరా?"

అది చెల్లెలికి కాదు, గ్రూపుకే వెళ్లింది. వెంటనే ఊళ్లోనే ఉన్న మరిది, సుగుణ భర్త, ఫోన్ చేశాడు. "వదినా, ఏంది గిది? జల్దీ తీసెయ్!"

నేను రాయడమే నేర్చుకున్నాను, తీసేయడం రాదు. సిగ్గుతో ఫోన్ బోర్లా పెట్టేశాను.

ఇంతలో సుగుణ వాయిస్ మెసేజ్ వచ్చింది. వెనక వ్యాన్‌లో అందరూ నవ్వుతున్నారు. "అక్కా, నిజంగ లారీ బతుకే! గని గది నువ్వే రాసినవా? నాలుగు దేశాలు తిరుగుతున్న గని, నువ్వు రాసిన రెండు లైన్లు నాకు బిడ్డ సదివి సెప్పాలె. నిన్ను సూస్తే కుళ్లయితుందే."

నన్ను చూసి ఒకరు కుళ్లుకోవడం అదే మొదటిసారి. ఆ మెసేజ్ ఎన్నిసార్లు విన్నానో! అయినా ఆ మంచు కొండ ఫోటో చూస్తే మాత్రం నాకు ఇప్పటికీ కుళ్లే.