రాజోలు వైపు, అమ్మని ఆపేసిన చర్చికి

కోనసీమలో చర్చిలు చూసొద్దామన్న ఆలోచన నాది కాదు, నాన్నది. నలభై ఏళ్ళ కిందట అమ్మ ఆయన్ని ఇష్టపడి పెళ్ళి చేసుకుంది. నాన్నది హిందూ కుటుంబం. అందుకని అమ్మ పుట్టిపెరిగిన సంఘం ఆమెని బల్ల నుంచి ఆపేసింది. అంటే ఆరాధనకి రావచ్చు, ప్రభువు రొట్టె, ద్రాక్షారసం మాత్రం ముట్టకూడదు. అప్పట్నుంచీ అమ్మ ఏ చర్చిలోనూ ముట్టలేదు. "నావల్లే కదా పోయింది, వెళ్ళి అడిగి రా" అని నాన్న పోరు పెట్టి పెట్టి, చివరికి నన్ను తోడిచ్చి పంపించాడు.

శనివారం పొద్దున్నే రాజమండ్రిలో బస్సెక్కాం. రావులపాలెం దాటినా మంచు కాలువల మీద నుంచి లేవలేదు. కొబ్బరితోటల్లో ఎండ పలచటి మజ్జిగలా పరుచుకుంది. బస్సు పోతోందో, తోటలే వెనక్కి తేలిపోతున్నాయో తెలియనంత మగతగా ఉంది. కొత్తపేటలో దిగి ఓ పాత పెంకుల చర్చికి వెళ్తే తాళం వేసుంది. మామూలు రోజుల్లో ఇక్కడ అంతే, తాళంచెవి పక్కింట్లో ఉంటుంది. అడిగితే ఆ ఇంటావిడ తాళంచెవితో పాటు టీ కూడా ఇచ్చింది. లోపల బెంచీల్లేవు, చాపలు చుట్టి గోడకి నిలబెట్టారు. కిటికీ రంగు అద్దంలోంచి నేల మీద నీలం వెలుగు పడుతోంది. అమ్మ అందులో పాదాలు పెట్టి చాలాసేపు నిలబడింది.

సాయంత్రం అమలాపురంలో ఇంకో చర్చి చూశాం. అక్కడి పాస్టరుగారు, "రేపు ప్రభుభోజన సంస్కారం ఉందండీ, ఉండి పుచ్చుకుని వెళ్ళండి" అన్నారు. ఇక్కడ నిన్నెవరెరుగుదురు, హాయిగా తీసుకోవచ్చుగా అని అమ్మని బతిమాలాను.

"ఆపిన చోటే అడగాలే," అంది అమ్మ. ఆ మొండితనం చూస్తే నాకు ఒళ్ళు మండింది. ఆ రాత్రి లాడ్జిలో ఇద్దరం సరిగ్గా మాట్లాడుకోలేదు.

ఆదివారం మొదటి బస్సుకి రాజోలు బయల్దేరాం. గన్నవరం అక్విడెక్టు దగ్గర కింద గోదావరి పాయ, దాని మీదుగా కాలువ, అంతా పొగమంచు. రాజోల్లో అమ్మ పుట్టినూరికి ఆటో మాట్లాడితే నూట యాభై అన్నాడు. "ఆ ఊళ్ళో మూడు చర్చిలున్నాయండీ, మీకే చర్చి కావాలండీ?" అన్నాడు డ్రైవరు.

"ప్రతి ఆదివారం రొట్టె విరుస్తారే, అదండీ," అంది అమ్మ.

"ఆయ్, కాలవగట్టుదండీ. కూర్చోండి." (ఊరి పేరు రాయొద్దని అమ్మ మాట తీసుకుంది.)

గుమ్మంలో సంఘపెద్ద ఎదురొచ్చాడు. అమ్మకంటే చిన్నవాడు, ఆమెని ఎరగడు. కొత్తవాళ్ళని అక్కడ తప్పకుండా అడిగే మాటే అడిగాడు. "ఎక్కణ్ణించి వచ్చేరండీ? బల్లలో పాలుపొందుతారాండీ?"

ఔనంటే సరిపోయేది. "ఇక్కడే ఆపేరండీ నన్ను, పెళ్ళప్పుడు. మళ్ళీ రానిస్తారేమో అడుగుదామని వచ్చేనండీ," అంది అమ్మ. ఆయన "కూర్చోండమ్మా" అని లోపలికెళ్ళాడు. మేం వెనక చాప మీద కూర్చున్నాం, బల్లలో లేనివాళ్ళు కూర్చునే చాప అది.

పాటయ్యాక ఆయన లేచి, అమ్మ చెప్పింది చెప్పినట్టు సంఘానికి చెప్పాడు. "ఎవరికన్నా అభ్యంతరముంటే చెప్పండి," అన్నాడు. మగవాళ్ళెవరూ నోరు మెదపలేదు. ఆడవాళ్ళు ఆ కూడికలో పైకి మాట్లాడరు. ముందు వరసలో ఓ ముసలావిడ మాత్రం వెనక్కి తిరిగి, అమ్మని పోల్చుకుందో ఏమో, కొంగు సర్దుకుని పక్కకి జరిగింది. ఆవిడ జరిగితే పక్కావిడ, ఆ పక్కావిడ, వరసంతా జరిగింది. చాప మీద ఒక మనిషికి చోటైంది. అమ్మ లేచి వెళ్ళి అక్కడ కూర్చుంది. ఒకటే రొట్టె చేతులు మారుతూ వచ్చింది, అమ్మ చిటికెడంత తుంచుకుంది. నేను వెనకాల కూర్చుని ఏడ్చాను.

తిరుగు బస్సులో ఇది రాస్తున్నాను. చూసిన గోపురాలు, అద్దాలు కలలోవాటిలా ఒకదాంట్లో ఒకటి కలిసిపోతున్నాయి. నలభై ఏళ్ళు ఆపినవాళ్ళ మీద నాకింకా కోపం ఉంది, అమ్మకి మాత్రం లేదు. ఇలాంటి కూడికకి మీరూ వెళ్తే ఆదివారం తొమ్మిదిలోపు చేరండి, ఆడవాళ్ళు తలమీద చున్నీ వేసుకోండి. మీరు బల్లలో లేకపోతే, రొట్టె మీ దాకా వచ్చినా తుంచుకోకుండా పక్కవాళ్ళకి అందించండి, ఎవరూ ఏమీ అనుకోరు.

ఇప్పుడే నాన్న ఫోన్ చేశాడు. ఏమైందని అడగలేక భోంచేశారా అంటున్నాడు.

"పెట్టేరండీ," అంది అమ్మ. అవతల నాన్న ఏడుపు నాకూ వినబడింది.